పెద్దమ్మ మాటకు నేను పెట్టిన చుక్కలు

మొన్న ఎవరికో ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో చిరునామా పంపుతూ ‘ఎల్’ మీద పెట్టిన వేలు తీయడం మర్చిపోయాను. అరవై దాటాక వేళ్ళు ఒక పట్టాన మన మాట వినవు కదా. చూస్తుండగానే ఆ అక్షరం నెత్తిన చిన్న అర ఒకటి తెరుచుకుని, నడుముకు గీత కట్టుకున్న ఎల్లు, కింద తోక ఉన్న ఎల్లు, పక్కన చుక్క పెట్టుకున్న ఎల్లు బంతికి కూర్చున్నట్టు వరసగా కనిపించాయి. ‘ఏ’ కూడా నొక్కిపట్టి చూశాను. నెత్తిన గీత ఉన్నది, టోపీ పెట్టుకున్నది, రెండు చుక్కలున్నది, అన్నీ ఉన్నాయి. ఇంకెవరైనా అయితే ముచ్చటపడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి చుక్కల అక్షరాల కోసం ఎనభైల చివర్లో నేను ఏడ్చినంత పని చేశాను, అది చాలక చేయకూడని పని కూడా ఒకటి చేశాను. ఆ సంగతి మా ఇంట్లో నలుగురికి తప్ప తెలియదు. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరం.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో పురుగుమందుల కొట్టు మీద మేడగదిలో కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టారు. ఇంగ్లీషు టైపు హయ్యరూ, తెలుగు టైపు లోయరూ పాసయ్యానని నన్ను అక్కడ ఆపరేటరుగా తీసుకున్నారు. మా వీధి మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే, అదీ మాకోసం కాదు, మిషను కోసం. చెప్పులు బయట విడిచి, గర్భగుడిలోకి పోయినట్టు లోపలికి పోవాలి. ఆ చల్లదనంలో కింద కొట్టు నుంచి వచ్చే మందుల వాసన కలిసి మధ్యాహ్నానికల్లా తలనొప్పి పట్టుకునేది. అయినా కంప్యూటరు నేర్చిన పిల్లనని నాకు లోలోపల గర్వంగానే ఉండేది. నా ఈడు వాళ్ళకు ఆ గర్వం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మిణుకుమంటుంటే, వాటిని చెరిపి మళ్ళీ రాయవచ్చంటే, టైపు మిషను ముందు కూర్చుని తెల్లరంగు పూసి ఊదుకున్న మనకు అదెంత వింతో.

అక్క నా దగ్గరికి వచ్చింది ఆ గర్వాన్ని నమ్మే. అక్కంటే అమ్మకు అక్కయిన మా పెద్దమ్మ కూతురు. మాచర్లలో లెక్చరరు. మా వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంట్లో, పొలంలో మాట్లాడుకునే మాటల మీద పరిశోధన చేస్తోంది. బెల్లంకొండ నుంచి గురజాల దాకా బస్సు ఆగిన ఊరల్లా తిరిగి, మిరపకాయలు తొడిమలు తీస్తున్న వాళ్ళ పక్కనా, నాపరాయి గనుల్లో తట్టలు మోస్తున్న వాళ్ళ పక్కనా కూర్చుని, వాళ్ళన్న మాట అన్నట్టు పుస్తకాల్లోకి ఎక్కించుకుంది. అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు, అరడజను క్యాసెట్లు. ఒక ఊరి క్యాసెట్టు రాసుకోవడం అయిపోగానే దాన్ని చెరిపి ఇంకో ఊరికి వాడేది. అందరికంటే ఎక్కువగా రాసుకుంది వాళ్ళమ్మ మాటలే. పెద్దమ్మ చదువుకోలేదు. పుట్టిన ఊరు, మెట్టిన ఊరు తప్ప ఇంకో ఊళ్ళో పట్టుమని పదిరోజులు ఉన్న మనిషి కాదు. అక్క థీసిస్‌లో ఒక అధ్యాయమంతా పెద్దమ్మే.

యూనివర్సిటీ వాళ్ళ నియమం ఏమిటంటే, థీసిస్ ఇంగ్లీషులో ఉండాలి, అందులో వచ్చే తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే గుర్తులు పెట్టి రాయాలి. దీర్ఘమైతే అక్షరం మీద అడ్డగీత. ‘ఎల్’ ఊరికే ఉంటే అది ల, కింద చుక్క పెడితే ళ. అలాగే త కింద చుక్క పెడితే ట, న కింద పెడితే ణ. గుంటూరులో టైపిస్టులు ఆ గుర్తులకు చోటు వదిలేసి మీరే పెన్నుతో పెట్టుకోండని చేతులు దులుపుకునేవాళ్ళు. అక్క గైడు గారికి పెన్ను చుక్కలు గిట్టవు. అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు, మూడోసారి కుదరదన్నారు. ఫలానా సోమవారం సాయంత్రంలోగా నాలుగు ప్రతులు అందకపోతే రిజిస్ట్రేషనే రద్దు, ఏడేళ్ళ తిరుగుడు బూడిదలో పోసినట్టే. నేను ఏమీ ఆలోచించకుండా, ఒక్క చుక్క కూడా పెన్నుతో పెట్టనక్కర్లేదు, అన్నీ మిషనే పెడుతుందని కోతలు కోశాను.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న తెలుగు పండితుడు. మా ఇంట్లో అన్నం తక్కువైనా ఊరుకునేవాడు గానీ ళ తక్కువైతే ఊరుకునేవాడు కాదు. చిన్నప్పుడు నేను ‘నీల్లు’ అంటే, ‘నీళ్ళు’ అని పదిసార్లు అనిపించిగానీ గ్లాసు చేతికి ఇచ్చేవాడు కాదు. అమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు పెద్దమ్మలాగే ‘పెల్లి, నీల్లు, వాల్లు’ అనేదట. నాన్న ఏడాది తిరిగేసరికి ఆమె నాలుక తిప్పేశాడు. నాకు ఊహ తెలిసేనాటికి అమ్మ నోట ళ గంట కొట్టినట్టు పలికేది. సెలవులకు పెద్దమ్మ వాళ్ళ ఊరు పోయి వస్తే చాలు, నాన్న మా చేత ళ పలికించి చూసేవాడు. అలా పెరిగినదాన్ని నేను. పెద్దమ్మంటే ప్రాణమే గానీ, ఆమె నలుగురిలో మాట్లాడుతుంటే నాకు కాస్త నామోషీగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పని మొదలుపెట్టిన మొదటి రోజే తెలిసింది, మిషనులో చుక్క లేదని. చుక్కంటే ఫుల్‌స్టాప్ ఉంది, అక్షరం కింద పెట్టే చుక్క లేదు. పుస్తకం తిరగేసి తిరగేసి ఒక దారి పట్టాను. ‘ఎల్’ కొట్టాలి, కంట్రోల్ నొక్కిపట్టి రెండు కీలు కొడితే ప్రింటరు ఒక అడుగు వెనక్కి వస్తుంది, ఇంకో రెండు కొడితే అరగీత కిందికి దిగుతుంది, అప్పుడు ఫుల్‌స్టాప్, మళ్ళీ రెండు కొట్టి పైకి ఎక్కాలి. ఒక్క చుక్కకు ఎనిమిది నొక్కుళ్ళు. తెర మీద చుక్క కనిపించదు, దాని బదులు ఆ గుర్తులన్నీ చీమలు పట్టినట్టు కనిపిస్తాయి. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొట్టినదానికే తెలియదు. ఒక్క నొక్కుడు తప్పితే ఆ గీత మొదలుకొని పేజీ చివరిదాకా అక్షరాలన్నీ సగం కిందికి జారి అచ్చయ్యేవి. మధ్యలో కరెంటు పోయిందా, పొద్దుటినుంచి పెట్టిన చుక్కలన్నీ గంగపాలు. ఒకరోజు మూడుసార్లు పోతే నేను కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మా సెంటరు కింద మెట్ల పక్కన టైపు మిషన్లు బాగుచేసే ముస్లిం ఆయన ఉండేవాడు, మేమంతా బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. ఉండబట్టలేక ఆయన్ను పైకి పిలిచి చూపించాను. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, మిషను చుట్టూ ఒకసారి తిరిగి, “టైపు మిషనైతే అక్షరం కింద చుక్క అతికిచ్చి రేపటికల్లా ఇద్దునమ్మా. దీని పొట్టలో అక్షరాలు యాడుండయ్యో నాకు కనపడట్లా” అని చల్లగాలి కాసేపు పీల్చుకుని దిగిపోయాడు.

ఇలా కాదని నేనొక ఉపాయం పన్నాను. చుక్క ఉండాల్సిన అక్షరాలను పెద్దక్షరాలుగా కొట్టుకుంటూ పోయి, చివర్లో ఒక్కసారిగా పెద్ద ఎల్‌ని చుక్క ఎల్‌గా, పెద్ద టీని చుక్క టీగా మార్చమని మిషనుకు చెబితే చాలు కదా అనుకున్నాను. చెప్పాను. మార్చింది. వాక్యం మొదట్లో వచ్చిన ప్రతి ఇంగ్లీషు మాటకూ చుక్క పెట్టింది. తెలుగు అన్న మాటకే కింద చుక్క పడి ‘టెలుగు’ అయి కూర్చుంది. అరవై పేజీలు అలా భ్రష్టుపట్టాక, మళ్ళీ మొదటినుంచి పెద్దక్షరాలు మానేసి, చుక్క కావాల్సిన అక్షరం పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకుంటూ కొట్టాను. ఇది పారింది. నక్షత్రాలన్నీ చుక్కలైన పూట నేను మేడ దిగి సోడా తాగి, ఇంక నా అంత తెలివైనది పల్నాటిలో లేదనుకున్నాను.

ఆ ఊపులోనే పెద్దమ్మ అధ్యాయం దగ్గరికి వచ్చాను. మిగతా అధ్యాయాల్లో అక్క ఎర్రసిరాతో చుక్కలు చాలావరకు ఓపికగా పెట్టింది. ఇందులో మాత్రం ళ రావాల్సిన చోట నా కంటికి ఒక్క చుక్కా కనిపించలేదు. పెళ్ళి అన్నచోట పెల్లి, నీళ్ళు అన్నచోట నీల్లు. పొయ్యి ముందు కూర్చున్న పెద్దమ్మ పొగకు కళ్ళు మండుతున్నాయన్న వాక్యం ఒకటుంది. చుక్క లేకపోయేసరికి ఆ కళ్ళు కాస్తా తాగే కల్లు అయిపోయింది. నాకు నవ్వాగలేదు. గడువు ముంచుకొస్తుంటే పాపం తొందరలో అక్క చుక్కలు మర్చిపోయిందనుకున్నాను. మాచర్లకు ఒక ఫోను చేసినా, బస్సులో చీటీ పంపినా తెలిసిపోయేది. చేయలేదు. పండితుడి కూతురిని, నాకు ళ ఎక్కడ రావాలో ఇంకొకరు చెప్పాలా? మిషను ఆ అధ్యాయంలో జంట ఎల్లు వచ్చిన చోటల్లా ఆగి, మార్చమంటావా వద్దా అని అడిగేలా పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు, తల్లి, పిల్ల వస్తే వద్దన్నాను. నీల్లు, పెల్లి, వాల్లు, కాల్లు వస్తే మార్చమన్నాను. ఒంటి ఎల్లులను నేనే వెతికి వెతికి సరిదిద్దాను. అంతటితో ఊరుకున్నానా, చేయి తిరిగింది కదా అని అదే జోరులో మిగతా అధ్యాయాల్లో అక్క చుక్క లేకుండా వదిలిన కూలీ ఆడవాళ్ళ మాటలకు కూడా చుక్కలు పెట్టి, పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేసి, రెండు రోజులు కర్రుకర్రుమని ప్రింటు తీసి, శుక్రవారం సాయంత్రానికి నాలుగు ప్రతులు జిరాక్సు తీయించాను.

శనివారం పొద్దున్నే అక్క మా ఇంటికి వచ్చింది. కాఫీ గ్లాసు పక్కనపెట్టి ముందుగా వాళ్ళమ్మ అధ్యాయమే తీసింది. నేను మెప్పు కోసం ఎదురుగా నిలబడ్డాను. రెండు పేజీలు చూసింది, ఇంకో రెండు తిప్పింది, చేయి ఆగిపోయింది. చుక్కలు ఎవరు పెట్టారని అడిగింది. నేనే, నువ్వు మర్చిపోయినవన్నీ పెట్టానని ఉత్సాహంగా చెప్పాను.

“మర్చిపోవటమేందే,” అంది, గొంతు పెంచకుండానే. “మా అమ్మ ళ అనదని చెప్పటానికే గదా నేను ఏడేళ్ళు తిరిగింది. ఆమె మాట నీకంత ఎంగిలైపోయిందా?”

అన్నాళ్ళూ చుక్కలు చూసుకోవడమే గానీ ఆ ఇంగ్లీషులో ఏముందో నేను చదివితేగా. ఆ థీసిస్ మొత్తం ఆ ఒక్క చుక్క మీదే నిలబడి ఉంది. చదువుకున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు ళ అంటారు, పొలం పనుల వాళ్ళు ల అంటారు, ఒకే ఇంట్లో అక్క ల అంటే చెల్లెలు ళ అంటుంది, అది ఎందుకు, ఎప్పుడు మారింది అన్నదే అక్క అడిగిన ప్రశ్న. నేను అందరి చేతా ళ అనిపించి ఆ ప్రశ్నే లేకుండా చేశాను. చెరిపేయమని మిషనుకు చెబుదామంటే, ఇప్పుడు అందులో పెట్టాల్సిన చుక్కా, పెట్టకూడని చుక్కా ఒక్క తీరుగానే ఉన్నాయి. ఏది ఎవరి నోటిదో దానికెలా తెలుస్తుంది? మళ్ళీ కొట్టి, మళ్ళీ ప్రింటు తీసే వ్యవధి లేదు, ఒక ప్రతి దిద్ది జిరాక్సు తీయిద్దామంటే ఆదివారం కొట్లు మూసి ఉంటాయి, సోమవారం అట్టలు వేయించడానికే పొద్దు చాలదు. క్యాసెట్లు చూస్తే ఎప్పుడో చెరిపేసినవి. మిగిలిందల్లా అక్క చేతిరాత ప్రతి ఒక్కటే.

చివరికి మా నాన్నే దారి చెప్పాడు. చేతిరాత ప్రతిని తాను పైకి చదువుతానన్నాడు. చుక్క లేని చోట ల అని చదువుతాడు, అక్క అచ్చుప్రతిలో తప్పు చుక్కకు పెన్సిలుతో సున్నా చుడుతుంది, నేను బ్లేడు మొనతో నాలుగు ప్రతుల్లోనూ గీకేయాలి. వసారాలో చాప వేసుకుని శనివారం పొద్దుటినుంచి ఆదివారం పొద్దుగూకే దాకా అదే పని. ళ కోసం నా నోట్లో నీళ్ళు పోయనివ్వని మనిషి, కళ్ళజోడు సవరించుకుని, ‘నీల్లు, పెల్లి, వాల్లు’ అని గొంతెత్తి చదువుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. మొదట్లో ఆయన నాలుక తిరగలేదు. ల అని రాసి ఉన్నా ళ అనేసి, నాలుక కరుచుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. తర్వాత పట్టుబడింది గానీ, పాఠం అప్పచెప్పినట్టు ప్రతి ల మీదా ఒత్తి పలికేవాడు. నేను గీకిన చోటల్లా కాగితం నూగు లేచి తెల్లగా మచ్చ పడుతోంది. కొన్నిచోట్ల చిల్లే పడింది. చిల్లు పడ్డప్పుడల్లా అక్క చూసేది, చూసి తర్వాతి సున్నా చుట్టుకుంటూ పోయేది. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

అమ్మ వంటింట్లోంచి ఇదంతా వింటూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం నాన్న ఏదో వాక్యం చదువుతుండగా పచ్చడిబండ చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

“అట్టా గాదు. అంత ఒత్తి అనరు. మెత్తగా రావాల, నీల్లు అని,” అంది. “మా అక్క అట్నే అనుద్ది. నేనూ అట్నే అనేదాన్ని.”

నాన్న తలెత్తి చూశాడు. అమ్మ కూర్చుంది. ఆయన చదవడం, ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ తన నోట అనడం, అలా ఓ అరగంట సాగింది. అమ్మకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, వినడమే. కానీ ఆ అరగంటా వసారాలో పెద్దమ్మే కూర్చున్నట్టుంది. ఒకచోట చేతిరాతలో ఉన్నట్టే నాన్న చుక్కతో ‘గోళెం’ అని చదివాడు, నీళ్ళు పోసుకునే తొట్టి. అమ్మ చేయి అడ్డం పెట్టి, “మా అక్క గోలెం అంటది గానీ గోళెం అని ఈ జన్మలో అనదు” అంది. అక్క గబగబా ఆ కాగితం అందుకుని చూసింది. అక్కడ ఎర్రసిరా చుక్క ఉంది, తన చేతిదే. వాళ్ళమ్మ అనని చుక్కను తనే, తెలియకుండా, పెట్టేసింది. ఆ రెండు రోజుల్లో అక్క నవ్వింది అప్పుడొక్కసారే, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “గీకవే, అదీ గీకు” అంది నాతో.

నాన్న ఆ తర్వాత కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. దగ్గొచ్చిందని మంచినీళ్ళు అడిగాడు. అమ్మ తెచ్చిస్తూ నీళ్ళంటుందో, నీల్లంటుందో అని నేను చెవులు రిక్కించాను గానీ ఆమె ఏమీ అనకుండా గ్లాసు చేతికిచ్చింది.

సోమవారం అక్క తెల్లారే గుంటూరు పోయి, బైండింగు వాడి ఎదుట కూర్చుని అట్టలు వేయించుకుని, మధ్యాహ్నం మూడింటికి నాలుగు ప్రతులూ అందించి వచ్చింది. ఏడాది తర్వాత పట్టా వచ్చింది. పరీక్షకుల్లో ఒకాయన, విషయం చాలా బాగుందిగానీ ప్రతి శుభ్రంగా లేదని, పేజీల నిండా బ్లేడు మచ్చలని రాశాడట. అక్క ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను. ఇంకో రెండేళ్ళు ఆ మిషను మీద పనిచేశాను గానీ, ఎవరి కాగితంలోనైనా తప్పు కనిపిస్తే దిద్దడం మానేశాను. మీరే చూసుకోండని మొహం మీద చెప్పేదాన్ని. పొగరని పేరు కూడా వచ్చింది.

అమ్మ మాత్రం ఆ ఆదివారం సాయంత్రం నుంచే మళ్ళీ ళ లోకి వచ్చేసింది. ఇంకోసారి అనమని నేను అడగలేదు, అడగాలని తోచనే లేదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. తన మాటల మీద అంత పుస్తకం వచ్చిందంటే, “నా మాటల్లో ఏముందంట చానా తెలివైనోల్లకి” అని ఎగతాళి చేసేది. ఒక్క క్యాసెట్టులోనైనా ఆ గొంతు పట్టి ఉంచుకోవాలని మాకెవరికీ బుద్ధి పుట్టలేదు. నాన్న పోయాడు, పెద్దమ్మ పోయింది, చివరికి అమ్మా పోయింది. ఇప్పుడు మా ఊళ్ళలో పిల్లలంతా బడికి పోయినవాళ్ళే, టీవీ చూసినవాళ్ళే. అందరికీ ళ వచ్చు, ఎవరూ ఎవరినీ దిద్దే పనిలేదు. మంచిదే అనుకుంటాను. అనుకున్నంతసేపు కూడా ఆ మంచిదనే మాట మనసులో నిలవదు.

అక్కా నేనూ కలిసినప్పుడు అప్పుడప్పుడూ పెద్దమ్మలా మాట్లాడి చూసుకుంటాం. అక్కకు ఇప్పటికీ వస్తుంది. నాకు రాదు. కళ్ళు మూసుకుంటే పెద్దమ్మ ముఖం కనిపిస్తుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం కనిపిస్తుంది, గొంతు కూడా ఆమెదే వినిపిస్తుంది. ఎండన పడి వచ్చావు, రాయే, కాళ్ళు కడుక్కో, నీళ్ళు తాగు అంటుంది. అన్నీ సరిగ్గా, తప్పు లేకుండా, మా నాన్న చెప్పినట్టే పలుకుతుంది. ఆమె అలా ఎన్నడూ అనలేదని నాకు తెలుసు. ఎలా అనేదో ఎంత గింజుకున్నా నా చెవికి రాదు.